దులపడానికి వీలైన కూలరే కొనండి

మా అక్క కొడుకు గోదావరిఖనిలో ఉంటాడు. కొత్త కంప్యూటర్ కట్టించుకుందామని పార్టుల లిస్టు రాసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు. లిస్టు బాగానే ఉంది. ప్రాసెసర్ ఇంటెల్ ఐ5 12400. దాని కింద, ఆ ప్రాసెసర్ వేడిని లాగేయడానికి 240 ఎంఎం వాటర్ కూలర్. ఇదెందుకురా అని ఫోన్ చేస్తే, "మామా, మన దిక్కు ఎండలకు ఎయిర్ కూలర్ ఆగదట. వీడియోల చెప్పిండు" అన్నాడు. ఆ వీడియో నేనూ చూశాను. చెప్పినాయన స్వెటర్ వేసుకుని ఉన్నాడు.

వాడొక్కడే అయితే ఫోన్‌లోనే సర్దిచెప్పి ఊరుకునేవాణ్ని. కానీ హన్మకొండలో ఈ మాట తరచూ వినపడుతోంది. నాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. మా లైన్‌లో ఉన్నవాళ్లకు ముహూర్తాలూ ఎండలూ ఒకేసారి మీద పడతాయి. పగలంతా ఎడిటింగ్, రాత్రంతా ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ చేసింది ఒక్క ఫైలుగా తీయడం). రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, సరిగ్గా ఆ రోజుల్లోనే మా ప్రాసెసర్లు గంటల తరబడి ఫుల్ లోడ్ మీద ఉంటాయి. "ఏ కూలర్ పెట్టాలన్నా?" అని తోటి ఎడిటర్లు అడిగినప్పుడల్లా నేను చెప్పే జవాబు వాళ్లకు నచ్చదు. నచ్చకపోయినా ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నేననేది ఏమిటంటే, వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఉండేవాళ్లు రివ్యూల చార్టులో పైన ఉన్న కూలర్ కోసం వెతకొద్దు. ఒక టవర్ (నిలువుగా పేర్చిన రేకుల దొంతర), ఒక 120 ఎంఎం ఫ్యాన్, చిప్ వేడిని ఆ రేకులకు చేర్చే నాలుగు రాగి హీట్ పైపులు ఉన్న మామూలు ఎయిర్ కూలర్ తీసుకోండి. ఫ్యాన్ చేత్తో ఊడదీసి దులపడానికి వీలుండాలి, అదే మొదట చూడాల్సింది. దానికి మించిన వేడి వస్తే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగుల్లో) వాట్లకు కళ్లెం వేయాలి తప్ప కూలర్ సైజు పెంచుకుంటూ పోవద్దు.

గది వేడి అందరికీ ఒక్కటే

రివ్యూలు చేసేవాళ్లు మామూలుగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో పరీక్షిస్తారు. మన దగ్గర మే నెలలో బయట 43, 44 మామూలే. స్లాబు కింద పై పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల గది మధ్యాహ్నం 40కి తగ్గదు. రాత్రి పదింటికి కూడా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది.

చార్టులో "69 డిగ్రీలు" అని చూస్తే దాన్ని అలాగే మన ఇంటికి తెచ్చుకోకూడదు. 24 డిగ్రీల గదిలో 69 వచ్చిందంటే, ఆ ప్రాసెసర్ అన్ని వాట్లు తాగినప్పుడు ఆ కూలర్ గది వేడి మీద 45 డిగ్రీలు పెరగనిచ్చిందని అర్థం. 40 డిగ్రీల గదిలో అదే 85 అవుతుంది. క్యాబినెట్ లోపలి గాలి ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కువుంటుంది కాబట్టి 90 దగ్గర ఆగుతుంది. చిప్ వేడెక్కేకొద్దీ కరెంటు కూడా కొంచెం ఎక్కువ తాగుతుంది, అంచేత లెక్క డిగ్రీకి డిగ్రీ సరిపోదు గానీ దాదాపుగా ఇంతే.

ఇప్పుడు అదే చిప్‌కు వాటర్ కూలర్ పెట్టి, పెరుగుదల 45 బదులు 38 అయిందనుకుందాం. ఏసీ గదిలో తేడా 7 డిగ్రీలు. మన గదిలో? అక్కడా 7 డిగ్రీలే. ఎండ ఎక్కువుందని వాటర్ కూలర్‌కు ప్రత్యేకంగా కలిసొచ్చేదేమీ లేదు. దాని రేడియేటర్ (నీళ్లు చల్లారే రేకుల పలక) మీద ఊదేది కూడా ఆ 40 డిగ్రీల గాలే కదా.

12400కు ఇంటెల్ పెట్టిన గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. దాన్ని దాటబోతుంటే చిప్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. "కాలిపోతది" అనే భయం పాతకాలం నాటిది. 85 చూసి టెన్షన్ పడి ఆరు వేలు ఖర్చు పెట్టేవాళ్లున్నారు. ఆ 85 మే నెల మధ్యాహ్నం ఫుల్ లోడ్ మీద వచ్చిందా, ఊరికే బ్రౌజర్ తెరిస్తే వచ్చిందా అన్నది చూడాలి. రెండోదైతే కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయింది. కొత్తది కొన్నా అదే తిప్పలు.

ఇంటి కూలర్‌తో పోల్చుకోవడం వల్లే వచ్చింది

ఈ వాటర్ కూలర్ మోజు ఎక్కణ్నుంచి వచ్చిందా అని ఆలోచిస్తే నాకు తట్టింది ఇది. మన ఇళ్లల్లో గడ్డి మ్యాట్ల కూలర్ ఉంటుంది. దాంట్లో నీళ్లుంటేనే చల్లగాలి, నీళ్లు అయిపోతే వేడిగాలి. ఇది మనం ఒంటికి తగిలించుకుని తెలుసుకున్న సంగతి. కాబట్టి కంప్యూటర్‌లో కూడా నీళ్లుంటే చల్లగా ఉంటుందని మనసు నమ్మేస్తుంది.

ఇంటి కూలర్‌లో నీళ్లు ఆవిరై గాలిలో కలిసిపోతాయి. ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని పట్టుకెళ్తాయి. అందుకే వచ్చే గాలి బయటి గాలికన్నా చల్లగా ఉంటుంది. ఎండ పొడిగా కాసినన్నాళ్లు అది అద్భుతంగా పనిచేస్తుంది, తొలకరి పడి గాలిలో తేమ పెరిగాక ఉక్కపోతే మిగులుతుంది. కంప్యూటర్ వాటర్ కూలర్‌లో నీళ్లు బయటికి ఆవిరి కావు. గొట్టాల్లో మూసేసి ఉంటాయి, పంపు తిప్పుతుంటే చిప్ దగ్గర వేడెక్కి రేడియేటర్ దగ్గర ఆ వేడిని గాలికి ఇస్తాయి, అంతే. గది ఎంత వేడిగా ఉందో ఆ నీళ్లు అంతకన్నా చల్లబడటం అనేది జరగదు.

ఇంకో సంగతి చెప్తే చాలామంది నమ్మరు. మామూలు ఎయిర్ కూలర్‌లో కూడా నీళ్లుంటాయి. ఆ రాగి హీట్ పైపులు లోపల బోలుగా ఉంటాయి. గాలి తీసేసి, చెంచాడు కూడా లేని నీళ్లు పోసి సీలు చేస్తారు. గాలి లేదు కాబట్టి ఆ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. చిప్ దగ్గర ఆవిరై, పైన అల్యూమినియం రేకుల దగ్గర మళ్లీ నీళ్లయి, పైపు లోపలి గరుకు పొర పీల్చుకుని కిందికి తెస్తుంది. పంపు లేదు, చెడిపోయే భాగం లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో జార్జ్ గ్రోవర్ దీన్ని చేసి చూపించారు, తర్వాత ఉపగ్రహాల్లో కూడా వాడారు. మన మూడు వేల కూలర్‌లో ఉన్నదీ ఆ సూత్రమే.

ఇదంతా అక్క కొడుక్కి చెప్పాను. "ఊఁ" కొట్టాడు గానీ లిస్టు మార్చలేదు. పక్కనుంచి మా అక్క, "నీళ్లు కారితే ఎట్లరా? గంత పైసలు పెట్టినంక ఎవలు జవాబు?" అంది. వెంటనే మార్చేశాడు. నిజానికి కొత్త వాటర్ కూలర్లు కారడం చాలా అరుదు. నా ఫిజిక్సు అంతా ఒకవైపు, అక్క ఒక్క మాట ఒకవైపు. నెగ్గింది నా పక్షమే, తప్పు కారణంతో.

ఎనుమాముల దూది

అసలు నాకు కూలర్ల మీద ఈ అభిప్రాయం పుట్టింది ఎండ వల్ల కాదు, దుమ్ము వల్ల. దుమ్ము గురించి వీడియోల్లో ఎవరూ మాట్లాడరు.

వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో నా దోస్తు లెక్కలు రాస్తాడు. తక్‌పట్టీలు (రైతుల లెక్క చీటీలు) ప్రింట్ తీసే కంప్యూటర్ మధ్యాహ్నం కాగానే దానంతట అదే ఆఫ్ అవుతోందని పిలిచాడు. బయట రైతులు వరుసలో నిలబడి ఉన్నారు, లోపల సేటు అరుస్తున్నాడు. టేబుల్ కింది నుంచి క్యాబినెట్ లాగి పక్క రేకు తీశాం. ప్రాసెసర్ బాక్సులో వచ్చిన చిన్న గుండ్రటి కూలర్. ఫ్యాన్ బాగానే తిరుగుతోంది. ఊడదీసి ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య చూస్తే అక్కడ అసలు సందే లేదు. దూది పోగులు, దుమ్ము కలిసి గట్టిపడి, పాత పరుపు లోపలి ముక్కలా ఒక గుండ్రటి బిళ్ల. స్క్రూడ్రైవర్ మొనతో లేపితే ముక్కలు కాకుండా మొత్తం ఒక్కటిగా వచ్చింది. ఫ్యాన్ ఆ బిళ్ల మీద ఊదుతోంది, కింది రేకులకు గాలే తగలడం లేదు. ప్రాసెసర్ ఏమో చిన్నది, 65 వాట్లది. మంచి ఏసీ పెట్టినా అది ఆగిపోయేదే.

మిగిలిన దుమ్ము బయటికి తెచ్చి బ్లోయర్‌తో ఊదాం. అది మిర్చి సీజన్ కూడా. ఆ దుమ్ములో ఏం కలిసుందో ముందే ఆలోచించాల్సింది. అటుగా పోతున్న హమాలీలతో సహా అందరం తుమ్ములే తుమ్ములు.

మార్కెట్ దాకా ఎందుకు? దసరా తర్వాత నుంచి పత్తి, దాని వెనకే మిర్చి, ఆ తర్వాత గాలిదుమారాలు. గోదావరిఖనిలో అయితే బొగ్గు. అక్కా వాళ్ల ఇంట్లో పొద్దున తుడిచిన టేబుల్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. దీనికి తోడు ఎండాకాలం ఇంటి కూలర్ నడవాలంటే కిటికీ తెరిచి ఉంచాలి. ఆ తేమకు దుమ్ము ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. (తేమ వల్ల కంప్యూటర్ లోపల నీళ్లు పడతాయేమోనని కొందరు భయపడతారు. నడుస్తున్న కంప్యూటర్ గది గాలికన్నా వేడిగా ఉంటుంది, దాని మీద మంచు పట్టదు. కూలర్ ఎదురుగా, తుంపర్లు పడేలా మాత్రం పెట్టకండి.)

ఇక్కడే ఒంటి టవర్ కూలర్ గెలుస్తుంది. రెండు తీగ క్లిప్పులు లాగితే ఫ్యాన్ చేతిలోకి వస్తుంది. ఎదురుగా రేకుల వరుస మొత్తం కనపడుతుంది. పెయింట్ బ్రష్‌తో పైనుంచి కిందికి నాలుగుసార్లు దువ్వి, వెనక నుంచి బ్లోయర్ కొడితే అయిపోయింది. హీట్‌సింక్ (ఆ రేకుల దిమ్మ) విప్పక్కర్లేదు, పేస్ట్ మళ్లీ పెట్టక్కర్లేదు. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, గాలికి అడ్డగోలుగా తిరగనివ్వొద్దు.

జంట టవర్ల కూలర్‌లో మధ్య ఫ్యాన్ రెండు టవర్ల నడుమ ఇరుక్కుని ఉంటుంది. దాన్ని తీయడానికి, మళ్లీ క్లిప్పు పట్టించడానికి వేళ్లు గీరుకుపోతాయి. వాటర్ కూలర్ రేడియేటర్ అయితే క్యాబినెట్ పైకప్పుకు బిగించి ఉంటుంది. ఫ్యాన్‌కు నాలుగు చొప్పున ఎనిమిది పొడుగు స్క్రూలు విప్పితే గానీ రేకులు కనపడవు. విప్పాలంటే ఎవరికైనా బద్ధకమే. ఏటా దసరాకు క్యాబినెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, పూలు పెట్టి, దండం పెట్టి, పక్క రేకు మాత్రం ఒక్కసారి కూడా తీయని ఇళ్లు నాకు తెలుసు. చార్టులో 7 డిగ్రీలు మెరుగైన కూలర్, ఏడాదిపాటు దులపకపోతే ఆ 7 డిగ్రీలూ దుమ్ముకే ఇచ్చేస్తుంది.

వాట్ల కళ్లెం

ఇక రెండో భాగం. నా ఎడిటింగ్ సిస్టమ్‌లో ఉన్నది ఐ7 12700. బేస్ పవర్ 65 వాట్లు అని ఉంటుంది, కానీ టర్బోలో (బరువు పనికి తనంతట తాను స్పీడు పెంచుకున్నప్పుడు) 180 దాకా వెళ్లొచ్చని ఇంటెలే రాసింది. మదర్‌బోర్డు కంపెనీలు తమ బోర్డు స్పీడుగా కనపడాలని చాలాసార్లు ఆ లిమిట్లను తెరిచి పెడతాయి. అలా వదిలేస్తే మే నెలలో నా ఒంటి టవర్ కూలర్ ఎక్స్‌పోర్ట్ మొదలైన కాసేపటికే చేతులెత్తేస్తుంది. చిప్ 100 తాకుతుంది, స్పీడు తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది, ఫ్యాన్ మాత్రం గోల.

బయోస్‌లోకి వెళ్లి లాంగ్, షార్ట్ పవర్ లిమిట్లు (చిప్ ఎక్కువసేపు, కాసేపు తాగగల వాట్లు) రెండూ 100 వాట్లకు కట్టేశాను. గంట పట్టే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు గంటా పది నిమిషాలు పడుతుంది. ఎలాగూ రాత్రి పెట్టి పడుకుంటాను, ఆ పది నిమిషాలతో నాకు పనేముంది? పైగా ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్‌ను క్విక్ సింక్‌కు, అంటే ఇంటెల్ చిప్‌లోనే ఉండే గ్రాఫిక్స్ భాగానికి అప్పగిస్తే బరువంతా ప్రాసెసర్ కోర్ల మీద పడదు. అందుకే మా లైన్ వాళ్లు పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్ కొనకూడదు, దాంట్లో ఆ గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాళ్లకైతే ఎకో మోడ్ అని వాట్లు తగ్గించే సెట్టింగ్ ఉంది. 7600ఎక్స్ 105 వాట్ల చిప్, దాన్ని 65 వాట్ల ఎకోలో పెడితే వేడి బాగా తగ్గుతుంది, స్పీడు తగ్గినట్టు మామూలు వాడకంలో తెలియదు. ఆ 7000 సిరీస్ ఎక్స్ చిప్‌లు బరువు పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలానే డిజైన్ చేసినవి. అది తెలియక కూలర్ల మీద కూలర్లు మార్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

వాట్లు తగ్గిస్తే ఇంకో లాభం ఉంది. ఏ కూలర్ అయినా వేడిని చిప్ నుంచి గదిలోకి జరుపుతుంది, అంతే. కంప్యూటర్ 300 వాట్లు తాగితే 300 వాట్ల హీటర్ గదిలో వెలిగినట్టే, ఎంత ఖరీదైన కూలర్ పెట్టినా. తాగడమే తగ్గితే మన ఒంటికీ కాస్త సుఖం.

నాతో పోట్లాడేవాళ్లు

ఈ వాదనకు గట్టి ఎదురు వాదన నా పార్ట్‌నర్‌దే. "180 వాట్ల దానికి పైసలు పెట్టి 100 వాట్లకు నడుపుడు ఎందుకన్నా? బుల్లెట్ కొని సెకండ్ గేర్ల పోయినట్టు" అంటాడు. కొట్టిపారేయలేను. కార్తీక మాసంలో చలి మొదలయ్యాక లిమిట్ 140కి ఎత్తుతాను, అప్పుడు అదే కూలర్ మోస్తుంది. అయినా ఏడాదంతా పూర్తి స్పీడు కావాలనుకునేవాడికి నా సలహా పనికిరాదని ఒప్పుకోవాలి. ఐ9 13900కే లాంటిది 253 వాట్లు తాగుతుంది. దాన్ని తెచ్చి మూడు వేల ఒంటి టవర్ పెడతానంటే నేనే వద్దంటాను. దానికి జంట టవరో, పెద్ద రేడియేటరో ఉండాల్సిందే. ఆ స్థాయి డబ్బు పెట్టినవాళ్లు గదికి ఏసీ కూడా పెట్టుకుంటారు, కిటికీ మూసుకుంటారు, దుమ్ము తగ్గుతుంది. అప్పుడు వీడియోల్లో చెప్పే అంకెలు వాళ్లకు నిజంగానే వర్తిస్తాయి.

చప్పుడు సంగతి కూడా ఉంది. పెద్ద కూలర్ నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి చప్పుడు తక్కువ. నిజమే. కానీ మన గదిలో పైన సీలింగ్ ఫ్యాన్ ఐదులో, కిటికీలో ఇంటి కూలర్ ఫుల్లులో తిరుగుతుంటే ప్రాసెసర్ ఫ్యాన్ చప్పుడు ఎవరికి వినపడుతుంది? చలికాలం రాత్రి వాయిస్ రికార్డింగ్ చేసుకునేవాళ్లకైతే ఆ మాట వేరు.

వాటర్ కూలర్‌కు మేలు ఉన్న చోటు కూడా చెప్పాలి. చిన్న క్యాబినెట్‌లో ఎత్తైన టవర్ పట్టకపోతే అది దారి. కాసేపే ఉండే లోడ్‌లో నీళ్లు వేడెక్కడానికి టైం పడుతుంది కాబట్టి ఫ్యాన్ ఒక్కసారిగా లేవదు. నాకు నచ్చనిది దాని చివరి రోజులు. పంపు పోయిందంటే మొత్తం పోయినట్టే. మే నెలలో పెళ్లి ఫుటేజ్ చేతిలో పెట్టుకుని వారంటీ కోసం హైదరాబాద్ తిరగడం ఎవరికి కావాలి? ఎయిర్ కూలర్‌లో పోతే ఫ్యాన్ పోతుంది. 120 ఎంఎం ఫ్యాన్ హన్మకొండలో ఏ కంప్యూటర్ షాపులో అయినా దొరుకుతుంది.

ఇటు చివర ఉన్నవాళ్లూ అడుగుతారు. జిరాక్స్ సెంటర్, జీఎస్టీ బిల్లులు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు. వీళ్లకు అసలు కూలర్ కొనే పనే లేదు. బాక్సులో వచ్చింది చాలు. ఆ డబ్బు క్యాబినెట్ ముందు వైపు జాలి ఫిల్టర్ ఉన్న మోడల్‌కు పెట్టండి.

సీటీసీకి పోయేముందు

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోతే కూలర్లు గుట్టలుగా ఉంటాయి. బాక్సు మీద "220 వాట్స్ టీడీపీ" (ఆ కూలర్ అంత వేడిని మోస్తుందని అర్థం) లాంటి అంకెలు చూసి మోసపోవద్దు. ఆ అంకెను ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతేదీ లేదు. నాక్టువా కంపెనీ అయితే అసలు వాట్ల అంకె ఇవ్వడం మానేసి, ఏ ప్రాసెసర్‌కు ఏది సరిపోతుందో వేరే రేటింగ్‌తో చెబుతుంది.

అంకె కన్నా టేపు ముఖ్యం. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 ఎంఎం, నాక్టువా ఎన్‌హెచ్-డీ15 165 ఎంఎం. ఆ పది ఎంఎం దగ్గరే చాలా క్యాబినెట్ల పక్క రేకు మూసుకోదు. మీ క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను పట్టనిస్తుందో దాని స్పెసిఫికేషన్లలో రాసి ఉంటుంది, ముందే చూసుకోండి. ర్యామ్‌కు పైన అలంకారపు రేకులు ఉంటే ఫ్యాన్ వాటికి తగులుతుంది. పాత కూలర్ ఇంట్లో ఉంటే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు) చూడండి. ఇంటెల్ 2021లో ఎల్‌జీఏ 1700 తెచ్చినప్పుడు రంధ్రాల మధ్య దూరం 75 నుంచి 78 ఎంఎం అయింది, పాత బిగింపు దాని మీద కూర్చోదు. ఏఎండీ వాళ్లకు పాత ఏఎం4 సాకెట్ కూలర్లలో చాలావరకు కొత్త ఏఎం5 మీద కూడా పడతాయి, బోర్డుతో వచ్చిన వెనక ప్లేటునే వాడుకునేవైతే.

బిగించే ముందు అడుగున ఉన్న పల్చటి ప్లాస్టిక్ కాగితం ఊడదీయాలి. నవ్వకండి, ఆ కాగితం మీదే పేస్ట్ పూసి బిగించిన సిస్టమ్‌లు షాపులోంచి కూడా వచ్చాయి. ఫ్యాన్ గాలి క్యాబినెట్ ముందు నుంచి వెనక్కి పోయేలా ఉండాలి. ఎన్‌హెచ్-డీ15 లాంటివి ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోల పైనే ఉంటాయి. అలాంటి బరువున్న క్యాబినెట్‌ను బస్సు డిక్కీలో నిలబెట్టి తీసుకురావద్దు, మదర్‌బోర్డు కింది వైపు ఉండేలా పడుకోబెట్టండి. బిగించగా మిగిలిన బ్రాకెట్లు, స్క్రూల పొట్లం, అదనపు క్లిప్పులు బిల్లుతో పాటు ఒక కవర్లో వేసి, క్యాబినెట్ లోపలే ఒక మూలన టేపుతో అంటించేయండి.